తెరమీద కుదిరింది సరే, డేటా కుదిరిందా?

"లేయర్లన్నీ ఒకదానిమీద ఒకటి చక్కగా కూర్చున్నాయి, ఇంక విశ్లేషణ మొదలుపెట్టెయ్యొచ్చు." జీఐఎస్ (పటాలను కంప్యూటర్లో డేటాగా విశ్లేషించే) పని జరిగే ప్రతిచోటా ఏదో ఒక దశలో ఈ మాట వినిపిస్తుంది. నాలుగు చోట్ల నుంచి తెచ్చిన నాలుగు ఫైళ్లను (ఒక్కో ఫైలు ఒక లేయరు) పటాల ప్రోగ్రామైన క్యూజీఐఎస్‌లోకి లాగి పడేస్తే చాలు, దేని ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును పటంగా పరిచే పద్ధతి) ఏమిటో అదే చూసుకుని, అప్పటికప్పుడు మార్చి, ఒకే పటంలా చూపించేస్తుంది. ఆర్క్‌జీఐఎస్ అనే ఇంకో ప్రోగ్రాం అయినా అంతే. ఈ సౌకర్యం లేని రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కాకపోతే, అలా కూర్చోవడాన్నే రుజువుగా తీసుకోవడంతోనే నాకు పేచీ. లేయర్లు కుదరకపోతే ఎక్కడ తేడా కొట్టిందోనని మనమే వెతుకుతాం. కుదిరినట్టు కనిపిస్తే వెతికేవాళ్లే ఉండరు. వేర్వేరు డేటాలు కలిపి తీసిన ఫలితాలు దారితప్పేది చాలాసార్లు ఈ రెండో పరిస్థితిలోనే.

అందుకే పెద్ద తప్పులంటే నాకు పెద్దగా భయం లేదు. అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయనుకోండి. ఈపీఎస్‌జీ అనే కోఆర్డినేట్ పద్ధతుల కోడ్ల పట్టికలో 4326 (జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలు) నిర్వచనం ప్రకారం అక్షాంశం ముందు రావాలి. జియోజేసన్ అనే ఫైలు రకం ప్రమాణం ప్రకారం రేఖాంశం ముందు రావాలి. రెండూ కలిసే చోట ఎవరో ఒకరు పొరబడతారు. 48.1 ఉత్తరం, 11.6 తూర్పు దగ్గర ఉండాల్సిన మ్యూనిక్ నగరం కాస్తా సోమాలియా ఒడ్డున ఏడెన్ సింధుశాఖలో తేలుతుంది. చిన్నపిల్లాడైనా పట్టుకుంటాడు. ఐదు నిమిషాల్లో సరిదిద్దుకుంటాం.

ప్రమాదమంతా మీటరు నుంచి రెండువందల మీటర్ల మధ్యలో ఉంది.

రెండువందల మీటర్ల లోపు తేడా

గ్రీనిచ్‌లో నేలమీద గీసి ఉన్న సున్నా రేఖాంశపు గీతమీద నిలబడి ఫోన్ తీసి చూస్తే సున్నా రాదు. జీపీఎస్ సున్నా రేఖాంశం అక్కడికి సుమారు 102 మీటర్లు తూర్పున ఉంటుంది. గీత గీసినవాళ్లదీ, ఫోన్ చేసినవాళ్లదీ ఎవరి తప్పూ కాదు. కొలతకు ఆధారం మారింది, అంతే. ఈ ఆధారాన్నే డేటమ్ అంటారు. అమెరికాలో 1927 నాటి డేటమ్‌లో ఉన్న పాత పటాలను 1983 డేటమ్ పటాలతో పోలిస్తే ప్రధాన భూభాగంలో చోటునుబట్టి పది నుంచి వంద మీటర్ల దాకా జరుగుతాయి. జిల్లా మొత్తం కనిపించే స్కేలులో చూస్తే వంద మీటర్లు ఒక గీత మందం కూడా ఉండదు. బావి ఏ కమతంలో ఉందో, ఏ ఇల్లు వరద గీతకు లోపల ఉందో తేల్చాలంటే మాత్రం ఆ వంద మీటర్లే సర్వస్వం.

సాఫ్ట్‌వేరే మారుస్తుంది కదా అంటే, మారుస్తుంది, కానీ ఎలా మారుస్తుందన్నది మన కంప్యూటర్లో ఏ ఫైళ్లున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు డేటమ్‌ల మధ్య దారి ఒక్కటే ఉండదు. ఒకటి గ్రిడ్ ఫైలు (చోటుచోటుకూ ఎంత జరపాలో చెప్పే పట్టిక) వాడి అర మీటరులోపు ఖచ్చితత్వం ఇస్తుంది, ఇంకొకటి అన్నిచోట్లా అవే మూడు అంకెలతో జరిపి పది మీటర్ల దాకా ఇస్తుంది. గ్రిడ్ ఫైలు దొరక్కపోతే, వేరే దారీ లేకపోతే, ఈ మార్పిడి లెక్కలు చేసే ప్రోజ్ లైబ్రరీ 'బాల్‌పార్క్' మార్పిడికి దిగుతుంది. అంటే డేటమ్ తేడాను అసలు పట్టించుకోకుండా అంకెల్ని అలాగే ఉంచేస్తుంది. స్క్రిప్టులో నడుస్తుంటే ఇది జరిగినట్టు కూడా తెలియదు. ఒకే స్క్రిప్టు, ఒకే డేటా, రెండు కంప్యూటర్లలో రెండు జవాబులు రావడానికి నేనెరిగిన అతి మామూలు కారణం ఇదే.

దీనికి రెండు పనులు చేయాలి. ప్రోజ్‌ఇన్ఫో కమాండుకు రెండు డేటాల కోడ్లూ ఇస్తే ఉన్న దారులన్నీ, ఒక్కోదాని ఖచ్చితత్వం మీటర్లలో, ఏ గ్రిడ్ ఫైలు కావాలో చూపిస్తుంది. అందులోంచి ఒకటి ఎంచుకుని, దాన్నే వాడామని రాసిపెట్టుకోవాలి. క్యూజీఐఎస్ సెట్టింగుల్లో, ఒకటికంటే ఎక్కువ దారులుంటే అడగమని టిక్ పెట్టే చోటుంది. చాలామంది ఆ కిటికీ విసిగిస్తోందని మూసేస్తారు. నన్నడిగితే ఆ ప్రోగ్రాం మొత్తంలో అంత విలువైన కిటికీ ఇంకోటి లేదు.

అయినా అనుమానముంటే కొలవడమే. రెండు లేయర్లలోనూ కచ్చితంగా ఒకటేనని తెలిసిన చోట్లు ఐదారు తీసుకోవాలి. వంతెన చివరలు, రోడ్ల కూడళ్లు, పాత కట్టడాల మూలలు బాగుంటాయి. నది ఒడ్డు, చెరువు గట్టు పనికిరావు, అవి కదులుతాయి. అన్నీ ఒకేచోట కాకుండా నాలుగు మూలలా, మధ్యలో ఒకటి ఉండాలి. ఒక్కోచోట తేడా ఎంత, ఎటువైపు అని రాసుకుంటే రోగం దానంతటదే బయటపడుతుంది. అన్నిచోట్లా ఒకే దిక్కుకు, ఒకే దూరం జరిగితే డేటమ్ సమస్య. మధ్యలో తక్కువగా ఉండి అంచులకు పోయేకొద్దీ పెరుగుతుంటే ప్రొజెక్షనో, స్కేలో తప్పు. ఒక్కోచోట ఒక్కో దిక్కుకు పోతుంటే అది గీసినవాళ్ల చేతి ఖచ్చితత్వం. దాన్ని ఏ మార్పిడీ బాగుచేయదు. చైనాలో బహిరంగ పటాలు వాడాల్సిన జీసీజే-02 పద్ధతి వీటన్నిటికీ అతీతం. అక్కడ జరుపుడు కావాలని చేసిందే, వందల మీటర్లుంటుంది, పైగా ఊరూరికీ మారుతుంది. ఒక స్థిరమైన జరుపుడుతో సరిచేయబోతే ఒక ఊళ్లో కుదిరి పక్క ఊళ్లో తప్పుతుంది.

ఇంకో మాట. 4326 అని కోడ్ రాసేస్తే ఖచ్చితత్వం దక్కినట్టు కాదు. ఈపీఎస్‌జీ పట్టికలోనే ఆ డేటమ్‌ను వేర్వేరు కాలాల రూపాల సమూహంగా, రెండు మీటర్ల ఖచ్చితత్వంతో నమోదు చేశారు. నేల కూడా నిలకడగా ఉండదు. ఆస్ట్రేలియా ఫలకం ఏడాదికి ఏడు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా కదులుతోంది. 1994 డేటమ్ నుంచి 2020 డేటమ్‌కు మారేసరికి ఆ దేశపు కోఆర్డినేట్లన్నీ సుమారు 1.8 మీటర్లు జరిగాయి. పొలం గట్టున తనంతట తాను నడిచే ట్రాక్టరుకు 1.8 మీటర్లంటే పక్క సాలు తొక్కడమే.

అతి సులువుగా జరిగే తప్పు మాత్రం వేరే ఉంది. లేయరు ఎక్కడో కుదరట్లేదు, దాని మీద కుడి క్లిక్ చేసి వేరే కోడ్ కేటాయిస్తే కుదిరిపోతుంది. కేటాయించడమంటే "ఈ అంకెలకు అర్థం ఇది" అని చెప్పడం. మార్చడమంటే అంకెల్నే తిరిగి లెక్కగట్టడం. మొదటిది చేయాల్సిన చోట రెండోది, రెండోది చేయాల్సిన చోట మొదటిది చేస్తే ఫైలు శాశ్వతంగా అబద్ధం చెబుతుంది. ఇలాంటిదే దూరాల లెక్క. వెబ్ మెర్కేటర్‌లో, అంటే వెబ్ పటాలు వాడే 3857 ప్రొజెక్షన్‌లో, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర 500 మీటర్ల బఫర్ (చుట్టూ అంత దూరం వలయం) గీస్తే నేలమీద అది 250 మీటర్లే. విస్తీర్ణమైతే నాలుగింతలు చూపిస్తుంది. పటం చూడ్డానికి వాడే ప్రొజెక్షన్‌లో కొలతలు తీయకూడదు.

పటంలో కనిపించని తేడాలు

ఇంతవరకూ చెప్పినవి జ్యామితి తప్పులు. ఎంత చిన్నవైనా దగ్గరకు జూమ్ చేస్తే కనబడతాయి. అసలు ఏ జూమ్‌లోనూ కనబడనివి నిర్వచనం, కాలం.

జనాభా పట్టిక ఒకచోట, సరిహద్దులు ఇంకొకచోట దొరుకుతాయి. ఒక్కో ప్రాంతపు కోడ్ ఆధారంగా రెంటినీ జాయిన్ చేస్తాం (వరుసకు వరుస కలుపుతాం). పట్టికను ముందు స్ప్రెడ్‌షీట్‌లో తెరిస్తే 01001 కాస్తా 1001 అయిపోయి, ముందున్న సున్నాలన్నీ రాలిపోతాయి. షేప్‌ఫైల్‌ అనే పాత పటాల ఫైలు రకంలో అయితే కాలమ్ పేరు పది అక్షరాల దగ్గర తెగిపోతుంది. population_2011, population_2021 అన్న తేడా ఆ తెగిపోయిన భాగంలోనే ఉంటుంది. ఇంగ్లిష్ కాని పేర్లయితే ఎన్‌కోడింగ్ చెప్పే చిన్న ఫైలు పక్కన లేకపోతే ప్రశ్నార్థకాలుగా మిగులుతాయి. జియోప్యాకేజ్‌ అనే కొత్త రకానికి మారితే ఈ గొడవలు చాలావరకు పోతాయి. ఇప్పటికీ షేప్‌ఫైలే ఎందుకు చేతులు మారుతోందో నాకైతే అర్థం కాదు.

కోడ్లు అక్షరం పొల్లుపోకుండా ఉన్నా కాలం మారితే కలవవు. అమెరికాలో కనెటికట్ రాష్ట్రం ఎనిమిది కౌంటీల బదులు తొమ్మిది ప్రణాళికా ప్రాంతాలను గణాంకాల యూనిట్లుగా తీసుకుంది. సెన్సస్ బ్యూరో 2022 నుంచి ఆ మార్పును అమలుచేసింది. కోడ్లూ మారాయి, సరిహద్దులూ మారాయి. 2020 నాటి సరిహద్దులకు 2022 తర్వాతి పట్టికను జాయిన్ చేస్తే ఆ రాష్ట్రం మొత్తం ఖాళీగా వస్తుంది. దేశపటంలో ఒక చిన్న మూల బూడిదరంగులో ఉంటే "డేటా లేదు కాబోలు" అనుకుని వదిలేస్తారు. అందుకే ప్రతి జాయిన్ తర్వాతా మూడు లెక్కలు చూసుకోవాలి. జాయిన్‌కు ముందు, తర్వాత వరుసల సంఖ్య ఒకటేనా? ఎడమవైపు (సరిహద్దుల్లో) జత దొరక్క ఎన్ని మిగిలాయి? కుడివైపు (పట్టికలో) ఎన్ని మిగిలాయి? మూడోది ఎవరూ చూడరు, చాలా టూల్స్ చూపించవు కూడా. జనాభా మొత్తం కూడి అసలు పట్టిక మొత్తంతో సరిపోల్చితే ఆ మిగిలినవి బయటికొస్తాయి.

కోడ్లే లేనప్పుడు, రెండు రకాల సరిహద్దుల మధ్య అంకెల్ని పంచాల్సి వచ్చినప్పుడు ఇంకా చిక్కు. ఒక వార్డు విస్తీర్ణం పది చదరపు కిలోమీటర్లు, జనం 12,000 మంది అనుకుందాం. అందులో నాలుగు చదరపు కిలోమీటర్లు వరద ప్రాంతం. విస్తీర్ణం నిష్పత్తిలో పంచితే 4,800 మంది వరదలో ఉన్నట్టు. కానీ ఆ నాలుగింటిలో మూడు చదరపు కిలోమీటర్లు ఇళ్లే లేని చిత్తడి నేల. జనమంతా మిగిలిన ఏడు చదరపు కిలోమీటర్లలోనే ఉన్నారు, అందులో వరద ప్రాంతం ఒక్కటే. అప్పుడు లెక్క 1,700 చిల్లర. రెండు లెక్కలూ ఒకే ఓవర్‌లే (లేయరు మీద లేయరు పరచడం) నుంచి వచ్చాయి, పటంలో రెండూ ఒకేలా కనబడతాయి. సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వదు.

భవనాల లేయరు తెచ్చి రెండో పద్ధతిలో పంచడమే మేలని నా అభిప్రాయం. దీనికో ప్రతివాదం ఉంది, అది కొట్టిపారేసేది కాదు. భవనాల లేయరు కూడా ఇంకో వనరే, దాని తప్పులు దానికుంటాయి. గోదాముల్లో జనం ఉండరు, పది అంతస్తుల భవనం పటంలో ఒకే గడి. ఒక అనిశ్చితిని తగ్గించడానికి ఇంకో అనిశ్చితిని తెచ్చుకుంటున్నామన్నమాట. నిజమే. అయితే చిత్తడి నేలలో జనాన్ని కాపురం పెట్టించడం కంటే గోదాములో కొందరిని ఎక్కువ లెక్కవేయడం తక్కువ తప్పు. ఎంత తక్కువో చెప్పాలంటే రెండు పద్ధతులా లెక్కగట్టి, రెండు అంకెలూ ఇవ్వాలి. ఆ రెంటి మధ్య దూరమే చదివేవాడికి నిజాయితీగా ఇవ్వగలిగిన సమాచారం. ఇంకో జాగ్రత్త ఉంది. ఇలా పంచడం సంఖ్యలకే (ఎంతమంది, ఎన్ని అన్న లెక్కలకే) చెల్లుతుంది. అక్షరాస్యత శాతం, జనసాంద్రత, సగటు ఆదాయం లాంటి వాటిని విస్తీర్ణం చొప్పున ముక్కలు చేయకూడదు. వాటి వెనకున్న సంఖ్యలకు వెనక్కి వెళ్లి, అవి పంచి, మళ్లీ నిష్పత్తి కట్టాలి.

రాస్టర్ల దగ్గర, ఎత్తుల దగ్గర

రాస్టర్ అంటే గడులుగా (పిక్సెల్‌లుగా) ఉండే పటం. పది మీటర్ల పిక్సెల్‌ను ముప్పై మీటర్లకు మార్చేటప్పుడు ఏ పద్ధతి వాడాలన్నది ఒక్క ఉదాహరణతో తేలిపోతుంది. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ వారి వరల్డ్‌కవర్ పటంలో చెట్లకు 10, గడ్డినేలకు 30, కట్టడాలకు 50 కోడ్. చెట్టు పిక్సెల్, కట్టడం పిక్సెల్ పక్కపక్కనున్న చోట బైలీనియర్ పద్ధతి (చుట్టూ ఉన్న పిక్సెల్‌ల సగటు) వాడితే సగటు 30 వస్తుంది. ఊరి అంచున లేని పచ్చికబయలు పుట్టుకొస్తుంది. పటం చూస్తే నమ్మేలాగే ఉంటుంది, ఊళ్ల చుట్టూ పచ్చిక ఉండటం వింతేమీ కాదుగా! వర్గాల కోడ్లకు దగ్గరి పిక్సెల్‌నో, ఎక్కువసార్లు వచ్చిన విలువనో తీసుకోవాలి. ఎత్తు, ఉష్ణోగ్రత లాంటి వాటికే బైలీనియర్.

ఒకే ఉపగ్రహం అయినా వేర్వేరు కాలాల డేటా రెండు వనరులే. సెంటినెల్-2 చిత్రాల తయారీ పద్ధతి 2022 జనవరి 25న మారింది. అప్పటినుంచి పిక్సెల్ విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు. అది తీసేయకుండా ఎన్‌డీవీఐ (పైరు పచ్చదనాన్ని చెప్పే సూచిక: ఇన్‌ఫ్రారెడ్, ఎరుపుల తేడాను వాటి మొత్తంతో భాగించినది) లెక్కిస్తే ఏమవుతుందో చూడండి. ఎరుపు 500, ఇన్‌ఫ్రారెడ్ 3500 ఉన్న పచ్చటి చేనుకు తేడా 3000, మొత్తం 4000, ఎన్‌డీవీఐ 0.75. అదే చేనుకు కొత్త పద్ధతిలో 1500, 4500 వస్తాయి. తేడా 3000 అలాగే ఉంటుంది, మొత్తం 6000 అవుతుంది, జవాబు 0.50కి పడిపోతుంది. చేను బాగానే ఉంది, గ్రాఫులో మాత్రం 2022లో కరువొచ్చినట్టుంటుంది. చిత్రాలను కొన్ని వేదికలు ముందే సరిచేసి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. సరిచేసినవాటిలోంచి మళ్లీ 1000 తీసేస్తే తప్పు అటువైపు తిరుగుతుంది.

ఎత్తుల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. జీపీఎస్ రిసీవర్ మొదట కొలిచేది దీర్ఘవృత్తజం (భూమికి లెక్కల్లో వాడే నున్నటి ఆకారం) మీది ఎత్తు. పటంలో ఉండేది సముద్రమట్టం నుంచి ఎత్తు. రెంటి మధ్య తేడా భూమ్మీద చోటునుబట్టి సుమారు మైనస్ 106 నుంచి ప్లస్ 85 మీటర్ల దాకా ఉంటుంది. 2000 ఫిబ్రవరిలో తీసిన ఎత్తుల నమూనా ఎస్‌ఆర్‌టీఎం సముద్రమట్టానికి నమూనాగా ఈజీఎం96 జియాయిడ్‌ను వాడుతుంది, కోపర్నికస్ ఎత్తుల నమూనా ఈజీఎం2008ను వాడుతుంది. ఒకదానిలోంచి ఒకటి తీసేసి "నేల కుంగింది" అనేముందు ఈ సంగతి చూసుకోవాలి. రైన్ నది మీద లాఫెన్‌బర్గ్ దగ్గర జర్మనీ, స్విట్జర్లాండ్ కలిసి వంతెన కట్టాయి. జర్మనీ సముద్రమట్టానికి ఆధారం ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్‌కు మార్సెయ్. రెంటి మధ్య 27 సెంటీమీటర్ల తేడా ఉందని ఇంజినీర్లకు ముందే తెలుసు, లెక్కలో వేసుకున్నారు కూడా. వేసుకునేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారైంది. తేడా పోవడానికి బదులు రెట్టింపై 54 సెంటీమీటర్లయింది. 2003లో ఈ సంగతి బయటపడి ఒకవైపు కట్టడాన్ని సరిచేయాల్సి వచ్చింది. మెటాడేటా లేక జరిగింది కాదది, ఉండీ దిక్కు రాసుకోక జరిగింది. కాబట్టి సవరణ ఎంత అని మాత్రమే కాదు, దేనిలోంచి దేనిలోకి అని కూడా రాయాలి.

ఇంత పట్టింపు అవసరమా?

ఈ జాబితా అంతా పాటిస్తూ కూర్చుంటే పటం ఎప్పటికి తయారవుతుందన్నది న్యాయమైన ప్రశ్న. వరద వచ్చిన రాత్రి రోడ్ల లేయరునూ, ఉపగ్రహ చిత్రాన్నీ కలిపి పడవ ఎటు పంపాలో చెప్పేవాళ్లను డేటమ్ గ్రిడ్ ఏదని అడగడం అన్యాయం. రాష్ట్రం మొత్తాన్ని ఒక పేజీలో చూపే పటానికి రెండు మీటర్ల జరుపుడు లెక్కలోకే రాదు.

నేననేది అన్నిటికీ సెంటీమీటరు కావాలని కాదు. ఎంత తేడాను ఓర్చుకోగలమో కలపకముందే ఒక అంకెగా రాసుకోవాలని. 1:50,000 పటంలో అర మిల్లీమీటరు గీత నేలమీద 25 మీటర్లు. ఆ పటం నుంచి గీసిన చెరువును అర మీటరు ఖచ్చితత్వపు కమతాల మీద పెడితే, ఫలితం ఖచ్చితత్వం 25 మీటర్లకు తగ్గుతుంది తప్ప అర మీటరుకు పెరగదు. కమతంలో చెరువు ఆక్రమించిన భాగం 3 మీటర్ల వెడల్పు అని చెప్పే హక్కు ఆ ఓవర్‌లేకు లేదు.

ఈ అంకె ఉంటే మిగతా నిర్ణయాలు సులువవుతాయి. రెండు సంస్థలు విడివిడిగా గీసిన ఒకే సరిహద్దును ఓవర్‌లే చేస్తే పొడవాటి సన్నటి ముక్కలు వందలకొద్దీ పుడతాయి. విస్తీర్ణం చూసి చిన్నవన్నీ తీసేయమంటారు, అది సరిపోదు. మూడు కిలోమీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పున్న ముక్క 1.2 హెక్టార్లు. ఎకరంలోపు తీసేయమంటే ఇది మిగిలిపోతుంది, నిజమైన చిన్న కమతాలు పోతాయి. విస్తీర్ణాన్ని చుట్టుకొలతతో భాగిస్తే ఈ ముక్కకు రెండు వస్తుంది. అంతే విస్తీర్ణమున్న చదరపు కమతానికి 27 పైన వస్తుంది. ఆ నిష్పత్తి వెడల్పులో సగం కాబట్టి, ఓర్చుకునే దూరంలో సగం దగ్గర గీత గీయొచ్చు. స్నాపింగ్ దూరం (దగ్గరి గీతలను అతికించే హద్దు) కూడా అంతే. ఓర్పు అంకెకు మించి స్నాప్ చేస్తే నిజంగా వేరైన గీతలు అతుక్కుపోతాయి.

కలిపేశాక వెనక్కి తీయగలగాలి

కలిపిన ఫైలు ఒక్కటే ఉంచుకుని మూలాలు పారేయడం నాకు ససేమిరా గిట్టదు. ఆసుపత్రుల జాబితాలు రెండు కలిపామనుకోండి. పేర్లు పోలి ఉండి, వంద మీటర్లలోపు ఉంటే ఒకటేననుకుని ఒకదాన్ని తీసేస్తాం. తీసేసినదాని కోఆర్డినేట్లు సర్వేలోంచి వచ్చినవి, ఉంచుకున్నవి చిరునామా దొరక్క పిన్‌కోడ్ మధ్యబిందువుకు వేసినవి కావచ్చు. మధ్యబిందువుల చుక్కలు నిజమైన చుక్కల్లాగే ఉంటాయి. అమెరికాలో ఒక ఐపీ మ్యాపింగ్ (ఇంటర్నెట్ చిరునామా ఏ చోటిదో చెప్పే) సంస్థ చోటు తెలియని చిరునామాలన్నిటినీ దేశం నడిమధ్యన 38 ఉత్తరం, 97 పడమర దగ్గర పెట్టింది. 60 కోట్లకు పైగా ఐపీ చిరునామాలు అలా కాన్సాస్‌లోని ఒక పొలంలో పడ్డాయి. ఆ డేటాను ఇంకోదానితో కలిపి వాడినవాళ్లు దాన్ని నిజమైన చోటనుకున్నారు. ఏళ్లతరబడి పోలీసులు, మోసపోయినవాళ్లు ఆ పొలంలోని ఇంటి తలుపు కొట్టారు. విషయం 2016లో బయటికొచ్చాక సంస్థ ఆ చుక్కను ఒక చెరువు మధ్యకు జరిపింది. చుక్క పక్కన "దేశం స్థాయి ఊహ" అని చెప్పే కాలమ్ ఒక్కటి మిగిలి ఉంటే ఆ తలుపులు కొట్టే అవసరం వచ్చేది కాదు.

అందుకే కలిపిన ప్రతి వరుసలోనూ ఐదు కాలమ్‌లు మోయాలంటాను: ఏ వనరు, ఆ వనరులో దాని కోడ్, ఏ తేదీ పరిస్థితి, ఎలా తెలిసింది, ఎన్ని మీటర్లు అటూఇటూ. తేదీ అంటే డౌన్‌లోడ్ చేసింది కాదు, సర్వే చేసింది. ఫైలు సైజు పెరుగుతుందని కొందరంటారు. లక్ష వరుసలకు ఐదు కాలమ్‌లంటే కొన్ని మెగాబైట్లు. మూలాలను మార్చకుండా ఒక ఫోల్డర్లో ఉంచి, కలపడమంతా స్క్రిప్టుతోనో, క్యూజీఐఎస్ మోడలర్‌తోనో చేస్తే, రేపు సరిహద్దులు మారినప్పుడు మళ్లీ నడిపితే సరిపోతుంది. చేత్తో సరిచేసినవి తప్పనిసరైతే వాటికి వేరే లేయరు పెట్టాలి, మూలంలో కలపకూడదు.

వనరు కాలమ్‌తో ఇంకో అవసరం కూడా తీరుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి గీసే ఉచిత పటం) డేటా 2012 నుంచి ఓడీబీఎల్ లైసెన్సు కింద ఉంది. దాన్ని ఇంకో డేటాతో కలిపి కొత్త డేటాబేస్ చేసి బయటికిస్తే, ఆ కొత్తదాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. కలిపిన ఇంకో వనరు అలా ఇవ్వడానికి ఒప్పుకోకపోతే ఫలితాన్ని ప్రచురించే దారే మూసుకుపోతుంది. ఏ వరుస ఎక్కడిదో తెలిస్తే కనీసం ఆ భాగం విడదీసి, రెండు లేయర్లుగా విడివిడిగా ఇవ్వొచ్చు. తెలియకపోతే పని మళ్లీ మొదటి ఫైలు దగ్గర మొదలవుతుంది.